ఇరవై మందీ మిగిలిన రోజు

పోయిన ఏడాది ఆగస్టు చివర నాకు డెంగీ వచ్చింది. హన్మకొండలో మా గల్లీలో అప్పటికే నాలుగిళ్లల్లో జ్వరాలున్నాయి, అయినా మనదాకా రాదులే అనుకుంటాం కదా. మొదటి రోజే నూట మూడు. ఒళ్లంతా రోట్లో వేసి దంచినట్టు నొప్పులు, అన్నిటికంటే కళ్ల వెనకాల నొప్పి ఎక్కువ. కళ్లు పక్కకు తిప్పినా లోపల నొక్కేసినట్టుండేది, ఫోన్ వెలుతురు కూడా తట్టుకోలేకపోయాను. రెండో రోజు ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలేవీ వేసుకోవద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది అన్నారు డాక్టర్.

ఐదో రోజు పొద్దున జ్వరం దిగింది. అమ్మ పోచమ్మ తల్లికి దండం పెట్టుకుంది, నేనూ గండం గడిచిందనే అనుకున్నా. అదే రోజు ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోయాయి, మామూలుగా లక్షన్నరకు పైన ఉండాల్సినవి. ఆస్పత్రిలో సిస్టర్ సెలైన్ పెడుతూ "జ్వరం తగ్గిందని సంబరపడకు బిడ్డా, ఇప్పుడే పైలంగ ఉండాలె" అంది. నాకు అస్సలు తెలియని సంగతి ఇది. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గడ్డు రోజులు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా వెంటనే చెప్పమన్నారు. రక్తం ఎక్కడా కారడం లేదు కాబట్టి ఆ అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదన్నారు. అమ్మకు మాత్రం ఒకటే టెన్షన్, ప్రతి రిపోర్టూ వేలు పెట్టి చదివించుకునేది. 28, 31, 47, 82.

మా బావ తన పాత పీఎస్‌పీ, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్, తెచ్చి ఇచ్చింది అప్పుడే. అందులో పిక్సెల్‌జంక్ మాన్‌స్టర్స్ డీలక్స్ అనే ఆట ఉంది, క్యోటోలోని క్యూ-గేమ్స్ వాళ్లది, 2009లో పీఎస్‌పీకి వచ్చింది. అడవిలో ముసుగు పెట్టుకున్న ఒక పొట్టి టికీ మనిషి ఉంటాడు, వాడి గుడిసె దగ్గర ఇరవై మంది పిల్లలుంటారు. ఆ పిల్లల మీదికి రాక్షసులు వరసగా వస్తుంటే చెట్ల దగ్గరికి నడిచి వెళ్లి ఆ చెట్లనే టవర్లుగా మార్చాలి. బాణాల టవర్ నేల మీదవాటినీ ఎగిరేవాటినీ కొడుతుంది, ఫిరంగి నేల మీదవాటినే. చచ్చిన రాక్షసుల నుంచి రాలిన నాణేల్ని కూడా మనమే నడిచి వెళ్లి ఏరుకోవాలి, తొందరపడి రాక్షసుడికి తగిలామా, చేతిలో ఉన్నవి కూడా కొన్ని చెల్లాచెదురు.

నాకు బాగా నచ్చింది వాడి డాన్సు. టవర్ పక్కన నిలబడితే వాడు చిన్నగా ఊగుతూ చిందులేస్తాడు, అలా ఆడుతుంటే మెల్లమెల్లగా టవర్ బలం పెరుగుతుంది. అంతసేపూ మిగతాచోట్ల రాలిన నాణేలు మాయమైపోతుంటాయి, అన్నీ దక్కవు. ఇంటికొచ్చాక నా పరిస్థితీ అదే. స్నానం చేస్తే తల దువ్వుకునే ఓపిక ఉండేది కాదు, దువ్వుకుంటే అన్నం ముందు కూర్చోలేకపోయేదాన్ని. అరచేతులూ అరికాళ్లూ దురద, రాత్రంతా అమ్మ తడిగుడ్డతో అద్దుతూ కూర్చుంది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా "జ్వరం పోయింది గదా, ఇంకా పండుకునుడేంది" అనేవాళ్లు. వాళ్లకు చెప్పి ఒప్పించే శక్తి కూడా లేదు నాకు.

మొదటి వారం ఆటలో ఒక్క మైదానం కూడా పూర్తి చేయలేకపోయాను. ఎగిరేవి వస్తున్నాయని తెలుసు, ఏ టవర్ కట్టాలో తెలుసు, కానీ తల పనిచేసేసరికి నలుగురైదుగురు పిల్లలు పోయేవాళ్లు. ఆపేసి జావ తాగి పడుకునేదాన్ని. రెండో వారం పద్నాలుగు మంది మిగిలారు, తర్వాత పదిహేడు. అమ్మ రిపోర్టులు దాచుకున్నట్టు నేను ఈ అంకెలు గుర్తుపెట్టుకున్నా. రిపోర్టులో ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటినా నా నీరసం ఎంతో అందులో లేదు, ఇందులో ఉంది.

ఈలోపు బాపు వెనక అరుగు మీది కూలర్ తిప్పి చూశాడు. ఎండాకాలం పోయాక అక్కడ పెట్టి మర్చిపోయాం, అడుగున వాన నీళ్లలో పురుగులు కొంకీల్లా మెలికలు తిరుగుతున్నాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు, డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, పీచుతో గట్టిగా రుద్దాలి. పగటిపూట కుట్టే దోమ అది, నేనేమో మధ్యాహ్నాలు ఆ అరుగు మీదే కూర్చుని చదువుకునేదాన్ని.

ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున కూర్చుని గునుగుపూలు కట్టలు కట్టాను, గంటసేపు, మధ్యలో పడుకోకుండా. మధ్యాహ్నం మళ్లీ అదే మైదానం ఆడాను. ఈసారి ఇరవై మందీ మిగిలారు, ఒక్కరు కూడా పోలేదు, అలా గెలిస్తే ఆటలో వచ్చే ఇంద్రధనుస్సు వచ్చింది. సాయంత్రం వేయిస్తంభాల గుడికి బతుకమ్మ ఎత్తుకుని అక్కతో పాటు నడిచే వెళ్లాను. రెండు చుట్లు ఆడి మెట్ల మీద కూర్చున్నా. అమ్మ నీళ్ల బాటిల్ తెచ్చి పక్కన పెట్టింది, ఏమీ అడగలేదు.