పద్నాలుగున్నర అడుగుల గోడ, తొమ్మిది నెలల మోకాలు

2022 మార్చిలో ఒక శనివారం ఉదయం నా ఎడమ మోకాలిలోంచి, ఎండిన కందికట్టెను విరిచినప్పుడు వచ్చేలాంటి చప్పుడు వచ్చింది. పక్కన వరుసలో నిలబడ్డ కుర్రాడు కూడా అది విన్నాడు. నొప్పి మాత్రం కొన్ని క్షణాలు ఆగి మొదలైంది.

నేను పడింది టీవీ పోటీలో కాదు. అడ్డంకులు దాటే టీవీ పోటీ ‘అమెరికన్ నింజా వారియర్’ చూసి ఉత్సాహపడేవాళ్ల కోసం డాలస్ శివార్లలో వెలిసిన ఒక జిమ్‌లో, ఆ షోకు పంపవలసిన ఎంపిక వీడియో కోసం సాధన చేస్తూ పడ్డాను. అప్పటికి నాకు 36 ఏళ్లు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తెనాలి కుర్రాళ్లమంతా హాస్టల్ టీవీ ముందు చేరి, పోగో చానల్లో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చే జపాన్ అడ్డంకుల పోటీ ‘తకేషీస్ క్యాసిల్’ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. బురదలో పడితే ఏమవుతుంది, కడుక్కుంటే పోతుంది అన్న భావం నాలో అక్కడే పాతుకుపోయి ఉంటుంది. ఈ ఊరికి వచ్చాక, 2014 డాలస్ పోటీల్లో 5 అడుగుల ఎత్తు మాత్రమే ఉన్న కేసీ కాటన్‌జారో పరుగెత్తుకొచ్చి పైఅంచు అందుకోవాల్సిన వంపుగోడను ‘నింజా వారియర్’లో ఎక్కిన తొలి మహిళగా నిలిచిన వీడియో చూసి, ఆ ఆశ మరింత ముదిరింది.

జపాన్‌లో 1997లో మొదలైన ‘ససుకే’ అనే మూల షో నుంచి అమెరికాకు వచ్చిన ఆ వంపుగోడ ఎత్తు నేను సాధన చేసేనాటికి 14½ అడుగులు. 2018లో దాని పక్కన 18 అడుగుల గోడ కూడా పెట్టారు. ఎక్కడం గురించి నాకు అందరూ చెప్పారు: ఎన్ని అడుగుల పరుగు తీయాలి, ఏ అడుగు దగ్గర చూపు పైకి తిప్పాలి, చేయి ఎప్పుడు చాపాలి. అందకపోతే కిందికి ఎలా రావాలో మాత్రం ఒక్కసారి, అదీ నడుస్తూ నడుస్తూ, చెప్పారు. వంపు మీద కూర్చుని జారిపోవాలి, అంతే. ఆ రోజు నా వేళ్లు పైఅంచును తాకి జారాయి. కూర్చోవడానికి బదులు నేను గాలిలోనే వెనక్కి తిరిగి, వంపు ముగిసి మెత్తని పరుపు మొదలయ్యే చోట ఎడమ కాలొక్కటే మోపాను. బూటు ఆ మెత్తదనంలో దిగబడి అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది, ఆ రెంటి నడుమ మోకాలు లోపలికి వాలింది. దెబ్బ తగలకుండా వేసిన పరుపే పాదాన్ని పట్టి ఉంచడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

సాయంత్రానికి మోకాలు కొబ్బరిబోండంలా ఉబ్బింది. అత్యవసర విభాగంలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణికింది అని పంపించేశారు. అమ్మ తెనాలి నుంచి ఫోనులో “ఆముదం రాసి కాపడం పెట్టు నాన్నా, పొద్దుటికి తగ్గుతుంది” అంది. నేను ఐసు పెట్టుకుంటున్నానని విని బాధపడింది. వారం తర్వాత ఎముకల వైద్యుడు నన్ను పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని రెండో చేత్తో పిక్కను పైకి లాగి చూశాడు. ఎక్కడో ఒక చోట ఆగాల్సిన ఎముక, వదులైన సొరుగులా ముందుకు వచ్చేసింది. మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిపోయిందని ఎమ్మారై ఖాయం చేసింది. వాపు దిగి కాలు పూర్తిగా చాపగలిగే దాకా ఆగి, ఏప్రిల్ చివర్లో మోకాలిచిప్ప కింది స్నాయువులోంచి ఒక పట్టీ తీసి కొత్త లిగమెంటుగా అమర్చారు.

అప్పటికి అమ్మ వచ్చింది. నిద్రపోతున్నప్పుడల్లా ప్రేమగా మోకాలి కింద దిండు సర్దేది, ఫిజియోథెరపిస్టు వచ్చి దాన్ని తీసి మడమ కింద పెట్టేది. కాలు వంగి ఉంటే హాయిగానే ఉంటుంది కానీ, ఆ వంపులోనే బిగుసుకుపోతే తర్వాత నడక కుంటుపడుతుందని వివరించేది. నేను అమ్మకు తెలుగులో చెబితే ఒప్పుకునేది, రాత్రికి దిండు మళ్లీ మోకాలి కిందికి చేరేది. ఆ వారాల్లో నన్ను భయపెట్టింది నొప్పి కాదు. తొడ కండరం బిగించమంటే మనసులో ఆజ్ఞ పుట్టేది, కాలు వినేది కాదు. నేను పళ్లు బిగబట్టి చూస్తూ ఉంటే, మోకాలి పైన చర్మం కింద చిన్న అల ఒకటి కదిలి ఆగిపోయేది.

మంచాన ఉండి పాత ఎపిసోడ్లు మళ్లీ చూశాను. ఈసారి నా కళ్లు నీళ్లలో పడేవాళ్ల మీద లేవు, అడ్డంకికీ అడ్డంకికీ మధ్య ఉన్న గట్టి వేదికల మీద ఒంటికాలితో దిగేవాళ్ల మీద ఉన్నాయి. ఆ షోలో పోటీదారులు అసలు కోర్సు మీద ముందుగా సాధన చేయడానికి వీల్లేదు. నగరాల్లో చిత్రీకరణ చాలాకాలం రాత్రంతా సాగేది; గంటల తరబడి ఎదురుచూసి, ఒళ్లు చల్లబడ్డాక, ఒక్కసారిగా పూర్తి బలంతో దూకాలి. ఇక గుండె సంగతి మోకాలికంటే ముందే ఆలోచించాల్సింది: 2020 నవంబరులో అలాంటిదే మరో అడ్డంకుల షో ‘వైపౌట్’ చిత్రీకరణలో ఒక పోటీదారు కోర్సు పూర్తి చేశాక మరణించాడు, గుండె రక్తనాళాల వ్యాధి ఉన్నట్టు తర్వాత తేలింది. షోలను నేను తప్పుపట్టను, పోటీదారులు అంగీకార పత్రం మీద సంతకం పెట్టే దిగుతారు. నా ఫిర్యాదు ఎడిటింగ్ కత్తెర మీద. పడ్డ మనిషిని చూపించి వెంటనే తర్వాతి మనిషికి వెళ్లిపోతారు.

మూడో నెలకు నొప్పి పోయింది, మెట్లు ఎక్కగలిగాను, ఇక పరుగెత్తవచ్చనుకున్నాను. అమర్చిన పట్టీ సరిగ్గా ఆ తొలి నెలల్లోనే బలహీనంగా ఉంటుందని, పైకి బాగున్నట్టు అనిపించడమే అసలు ప్రమాదమని ఫిజియో మందలించింది. 2016లో వెలువడిన డెలావేర్‌–ఓస్లో అధ్యయనంలో, ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిది నెలల వరకు ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ దెబ్బతినే రేటు దాదాపు సగానికి తగ్గిందని చెప్పింది. ఆ లెక్క విన్నాకనే నేను కుదురుకున్నాను. ఆ తర్వాత నెలలన్నీ దిగడానికే పోయాయి: మొదట 6 అంగుళాల పెట్టె మీంచి, తర్వాత 12, అద్దం ముందు, మోకాలు లోపలికి వాలకుండా, మునివేళ్ల మీద చప్పుడు లేకుండా.

2023 జనవరి చివర్లో ఒంటికాలి గెంతులు కొలిచినప్పుడు ఎడమ కాలు కుడి కాలిలో 92 శాతం తేలింది, అనుమతి ఇచ్చారు. జిమ్‌కు వెళ్లాను, తాళ్లూ ఉంగరాలూ పట్టుకున్నాను, గోడ జోలికి ఇంకా పోలేదు. మోకాలి మీద బరువు వేసి వంగితే మచ్చ కింద ఇంకా గుచ్చుతుంది. ఉగాది పూజలో బాసింపట్టు వేయలేక పీట మీద కూర్చున్నాను. వీడియో కాల్లో చూసిన అమ్మ, పూజ సంగతి వదిలేసి, “కాలు చాపుకో నాన్నా, మడమ కింద దిండు పెట్టుకో” అంది.