బేరానికి ముందు బండిని మన్యం ఎక్కించాం

రోజూ ఆఫీసుకు వెళ్లాలి, సెలవొస్తే కొండెక్కాలి, ఖర్చు రెండు లక్షల్లోపే తేలిపోవాలి. ఈ మూడూ పెట్టుకుని వెతికితే మన దగ్గర దొరికే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోటీల్లో ఎగిరే డర్ట్ బైకులకు రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి వాటి ఊసే వద్దు. నంబరు ప్లేటుతో రోడ్డు మీద తిరుగుతూ రాళ్లదారిలోకీ దిగగలిగే చవక బండి అంటే ఒకప్పుడు, 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ 150 ఉండేది. అది ఆగిపోయాక 2019లో లక్షలోపు ఎక్స్‌షోరూమ్ ధరకు హీరోదే ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే కొంచెం అటూఇటూగా రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల పాత హిమాలయన్ 411 కూడా అదే బడ్జెట్‌లో పడుతుంది. నా తర్జనభర్జన అంతా ఈ రెంటి మధ్యే.

మా బావకు హిమాలయన్ ఉంది. నేను వైజాగ్‌లో ఎక్స్‌పల్స్ 4వి (ఎక్స్‌పల్స్ 200లోనే నాలుగు వాల్వుల ఇంజను ఉన్నది) అద్దెకు తీసుకున్నాను. నాలుగు వీధులు తిప్పే టెస్ట్ రైడ్‌తో ఏం తెలుస్తుంది? మన్యం తీసుకెళ్లి, బండ్లు మార్చుకుంటూ నడుపుదామనుకున్నాం.

పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా హిమాలయన్‌దే రాజ్యం. దాని ఇంజను 24 హార్స్‌పవర్, ఎక్స్‌పల్స్‌ది 19కి అటూఇటూ. లారీని దాటాలంటే బావ యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, నేను గేరు దించి, ఎదురుగా ఏదైనా వస్తోందా అని చూసుకుని మరీ దాటాలి. 80 దగ్గర హాయిగా పోయే బండిని అంతకు మించి తరమడం నాకు ఇష్టం లేకపోయింది. వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చే వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి హిమాలయన్ కొనుక్కోవచ్చు.

అనంతగిరి ఘాట్‌లో ఆ తేడా చాలావరకు పోయింది. మలుపు వెంట మలుపు, 50 దాటే పనే లేదు. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు చూసుకుంటూ బొర్రా వైపు తిరిగాం. అక్కణ్నుంచి కటిక జలపాతం వైపు జీపులు తిరిగే దారి ఉంది. దారి అనడమే గానీ, చాలాచోట్ల తలకాయంత రాళ్లు. రెండు బండ్లకూ ముందు చక్రం 21 అంగుళాలే. చక్రం పెద్దదైతే రాయికి తగిలి ఆగిపోకుండా పైకెక్కి దాటేస్తుంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లు వదులుగా పెట్టుకుంటే బండి దాని దారి అది చూసుకుంటుంది. దిగేటప్పుడు ఎక్స్‌పల్స్ నాకు ఇంకా నచ్చింది. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దానికి ముందు చక్రానికే ఉంటుంది, కాబట్టి కంకర మీద వెనక బ్రేకు తొక్కితే చక్రం మన చెప్పుచేతల్లో జారుతుంది.

అరకు దాటాక డుంబ్రిగూడ నుంచి హుకుంపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా వలిసె పూలు. ఫొటోల కోసం కొందరు చేలోకే బండ్లు దింపేస్తున్నారు. అది పార్కు కాదు, గిరిజన రైతు పంట. దాన్నుంచి నూనె తీస్తారు. ట్రైల్ రైడింగ్ అంటే దారి ఉన్నచోట నడపడమే.

అసలు పరీక్ష పాడేరు దాటి జి.మాడుగుల వైపు ఒక మట్టిదారిలో ఎదురైంది. ముందు రోజు వాన పడింది. ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, అడ్డం వచ్చింది. లోతు మోకాలి కింద దాకానే, కానీ అడుగునంతా నాచు పట్టిన గుండ్రాళ్లు. అవతలి గట్టు ఎర్రమట్టి, సబ్బు రాసినట్టు ఉంది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన, “ఎడం పక్క నుంచి రండి బాబూ, కుడి పక్క గొయ్యుంది” అని కేకేశాడు.

బావ ముందు దిగాడు. నీళ్లు బాగానే దాటాడు గానీ, గట్టెక్కుతుండగా వెనక చక్రం గిర్రున తిరిగి బండి పక్కకు వాలిపోయింది. పెట్రోలుతో కలిపి అది 199 కిలోలు. కాళ్ల కింద బురద జారుతుంటే ఇద్దరం పట్టుకున్నా లేవలేదు. పెద్దాయన కూడా వచ్చి చెయ్యేస్తే లేచింది. తర్వాత నా వంతు. అదే గట్టు మీద నేనూ పడ్డాను. కానీ ఎక్స్‌పల్స్ 160 కిలోల లోపే. హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి, వీపు సీటుకు ఆనించి, కాళ్ల బలంతో ఒక్కణ్నే లేపాను. మేం రొప్పుతూ నిలబడి ఉండగా, 90 కిలోలు కూడా లేని ఎక్సెల్ బండి మీద బియ్యం బస్తా వేసుకుని ఒక కుర్రాడు అదే గెడ్డ టకటకా దాటి వెళ్లిపోయాడు. మా వైపు చూడనైనా చూడలేదు.

“బావా, ఇంక సీసీల గురించి మాట్లాడకు” అన్నాను. మట్టిలో బండి పడకుండా ఉండదు. కాబట్టి ముందు అడగాల్సింది దాన్ని ఒక్కడివే లేపగలవా అని. ఆ ప్రశ్నకు బ్రోషర్‌లో ఉన్న జవాబు బరువు ఒక్కటే. సీటు ఎత్తు అంత భయపెట్టే విషయం కాదు. ఎక్స్‌పల్స్‌ది 825 మిల్లీమీటర్లు, హిమాలయన్ కన్నా పాతిక ఎక్కువ. నా ఎత్తు అయిదున్నర అడుగులు, రెండు మడమలూ ఆనవు. బండి తేలిక కాబట్టి ఒక కాలు ఆనితే సరిపోయింది.

వెనక్కొస్తుంటే ఎక్స్‌పల్స్ వెనక చక్రంలో మేకు దిగింది. స్పోకుల చక్రం, లోపల ట్యూబు. ట్యూబ్‌లెస్ అయితే చక్రం విప్పకుండానే పని అయిపోయేది, దీనికి విప్పక తప్పదు. పైగా హిమాలయన్‌లా సెంటర్ స్టాండ్ లేదు. పంచరు షాపతను ఇంజను కింద ఉన్న ప్లేటుకు రెండు రాళ్లు పేర్చి చక్రం పైకి లేపాడు. ముందు చక్రానికి అయ్యుంటే 21 అంగుళాల ట్యూబు తన దగ్గర దొరకదన్నాడు. అది ఒకటి బ్యాగులో పెట్టుకుంటే చాలట, అవసరం పడితే 18 అంగుళాల వెనక చక్రంలోనూ సర్దుకుంటుందట.

పాడేరు ఘాట్ దిగి చోడవరం మీదుగా ఇల్లు చేరేసరికి నా లెక్క తేలిపోయింది. ఇప్పుడు ఒక 2022 ఎక్స్‌పల్స్ 4వి బేరంలో ఉంది. ముందు షాక్ అబ్జార్బర్ల (ఫోర్కు) సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ లేదు. చక్రం గాల్లో తిప్పి చూస్తే రిమ్ము కొంచెం ఊగుతోంది, స్పోకులు బిగించుకుంటే పోతుంది. చైన్, స్ప్రాకెట్ మాత్రం మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమంటే, లెగ్‌గార్డు కొత్తగా వేయించానని అమ్మే అతను ఇంకో వెయ్యి ఎక్కువ అడుగుతున్నాడు.