ఈ నెల చదివిన మూడు నవలలు

ముందు యండమూరి ‘తులసిదళం’. రాత్రి పదకొండున్నరకు చదువుతుంటే వంటింట్లో గిన్నె జారిపడింది. లేచి చూసే ధైర్యం చాలక, పక్క గదిలో నిద్రపోతున్న పాప దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. నన్ను వణికించింది కాష్మోరా అనే క్షుద్రశక్తి కాదు, ఏ పాపం ఎరగని పసిపిల్ల బాధ. అటు మంత్రం, ఇటు వైద్యం రెండూ పోటీపడి లాగుతుంటే దేన్ని నమ్మాలో తేల్చుకోలేకపోయాను. క్షుద్రపూజల వర్ణనలు మాత్రం శ్రుతి మించాయి. కొన్ని పేజీలు తిప్పేశాను.

అగాథా క్రిస్టీ 1939లో రాసిన దీవి కథ, ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’, ఒక్క ఆదివారంలో పూర్తయింది. ఆ దీవిలో చిక్కుకున్న పదిమందిలో ఒక్కరి మీదా నాకు ప్రేమ కలగలేదు. అయినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. అల్లిక అంత బిగువు.

మనసులో నిలిచిపోయింది ‘వెన్నెల్లో ఆడపిల్ల’. చదరంగం ఆటగాడు రేవంత్, ఫోనులో వినిపించే ఒక గొంతు, ఆమె నంబరు కోసం అతని వెతుకులాట. ఆ అమ్మాయికి తెలియని విషయమే ఉండదు, అదొక్కటే నాకు నచ్చలేదు. కానీ చివరి పేజీల్లో అక్షరాలు మసకబారాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి ఫోను సంభాషణ దగ్గరకు వెళ్లాను. ఈసారి ఆమె నవ్వు వేరేగా వినిపించింది.