కొత్త నీరు, టైరు పొడి

మా ఊళ్ళో తొలకరి పడి చెరువు అలుగు పారిందంటే చాలు, చేపలు ఎదురెక్కుతున్నాయని పిల్లలమంతా గంపలు, పాత దోమతెరలు పట్టుకుని కాలవ గట్టుకి పరిగెత్తేవాళ్ళం. కొత్త నీరు తగిలితే చేప ఆగదురా అనేవాడు తాతయ్య. సియాటిల్ వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఇక్కడా అదే చూస్తున్నాను, కాకపోతే ఇక్కడి తొలకరి అక్టోబరులో. ఎండాకాలమంతా పెద్దగా వానల్లేక సన్నబడిన వాగుల్లోకి మొదటి గట్టి వాన నీరు దిగగానే, సముద్రంలో పెరిగిన కోహో అనే సాల్మన్ చేపలు తాము పుట్టిన చోటు వెతుక్కుంటూ పైకి వస్తాయి.

వెస్ట్ సియాటిల్‌లో లాంగ్‌ఫెలో క్రీక్ అని ఒక చిన్న వాగు. రెండేళ్ళ కిందట అక్కడ చేపలు లెక్కపెట్టే వాలంటీర్లతో వెళ్ళాను. మోకాలి లోతు కూడా లేని నీళ్ళలో మోచేతి పొడవున్న ఆడ కోహో ఒకటి పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ గుండ్రంగా తిరుగుతోంది. పక్కకి ఒరిగింది, సర్దుకుంది, మళ్ళీ ఒరిగింది, కాసేపటికి వెల్లకిలా పడి ఒక రాయికి తట్టుకుని ఆగిపోయింది. మాతో ఉన్న ఆవిడ దాన్ని గట్టు మీద పెట్టి పొట్ట కోసి చూపించింది. నారింజ రంగు గుడ్లు, బఠాణీ గింజలంత, పొట్ట నిండా. ఒక్కటీ పెట్టలేదు. మూడేళ్ళు బతికి, సముద్రం ఈది, ఇంటి గుమ్మం దాకా వచ్చి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదొక్కటే కాదు. ఇక్కడి ఊరి వాగులకి తిరిగొచ్చే కోహోల్లో 40 నుంచి 90 శాతం దాకా ఇలాగే గుడ్లు పెట్టకుండా చనిపోతున్నాయని శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ళకి పైగా చూస్తూనే ఉన్నారు. రోడ్ల మీంచి వచ్చే వాన నీటి వల్లే అని అర్థమైంది గానీ అందులో ఏది చంపుతోందో తేలలేదు. బ్రేకుల నుంచి రాగి, టైర్ల నుంచి జింకు, ఇంజిన్ ఆయిలు, పొగలోని మసి, అన్నీ కలిసిన కషాయం అది. పైగా అదే నీటిలో చమ్ సాల్మన్ అనే దగ్గరి చుట్టం హాయిగా బతుకుతుంది.

చివరికి 2020 డిసెంబరులో టాకోమాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు, ప్యూయాలప్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి దొంగని పట్టుకున్నారు. టైరు పగుళ్ళివ్వకుండా రబ్బరులో 6పీపీడీ అనే మందు కలుపుతారు. గాలిలోని ఓజోన్ రబ్బరుని కొరక్కుండా ముందు ఇదే దానికి ఎదురెళ్ళి మారిపోతుంది. అలా మారేటప్పుడు రెండు హైడ్రోజన్లు పోయి రెండు ఆక్సిజన్లు చేరతాయి, పుట్టేది 6పీపీడీ క్వినోన్. లీటరు నీటిలో 95 నానోగ్రాములు ఉంటే పిల్ల కోహోల్లో సగం ఒక్క రోజులో చనిపోతాయని తరవాతి పరీక్షల్లో తేలింది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఎండాకాలమంతా అరిగిన టైరు పొడి రోడ్డు మీద, అంచుల్లో పేరుకుని ఉంటుంది కదా, మొదటి వాన దాన్నంతా ఒక్కసారి కడుగుతుంది. చేపల్ని వాగులోకి పిలిచే వాన కూడా అదే.

ఎలక్ట్రిక్ కారు కొన్నాం కదా, మన వల్ల కాలుష్యం లేదు అని మన తెలుగు వాళ్ళ పార్టీల్లో తరచూ వింటుంటాను. పొగ లేదు, నిజమే, బ్రేకులు కూడా తక్కువ అరుగుతాయి. కానీ బండి బరువెక్కువ, టైరు టైరే.

ఇంత విన్నాక టెన్షన్ పడేవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటుంది, దీనికి విరుగుడు మట్టి. సియాటిల్‌లోని 520 హైవే మీంచి పట్టిన వాన నీటిని శుద్ధి చేయకుండా పోస్తే పెద్ద కోహోలు అన్నీ చనిపోయాయి. అదే నీటిని 60 పాళ్ళు ఇసుక, 40 పాళ్ళు కంపోస్టు కలిపిన పొరలోంచి వడకట్టి పోస్తే అన్నీ బతికాయి. విషం పేరు తెలియకముందే ఈ పరీక్ష జరిగింది! ఫ్రీమాంట్‌లో అరోరా బ్రిడ్జి కింద ఇదే పద్ధతిలో తోటలు వేశారు. ఒక వాన రోజు వెళ్ళి నిలబడ్డాను. బ్రిడ్జి మీంచి గొట్టంలో దిగే నీళ్ళు బూడిద నలుపులో ఉన్నాయి, పంక్చర్ షాపు వాసన. ఆ నీళ్ళు తుంగ మొక్కల మధ్య నెమ్మదిగా పాకి ఇంకిపోతున్నాయి.

పాత హైవేలు చాలావరకు వాన నీటిని శుద్ధి చేయాలనే నిబంధనలు రాకముందు కట్టినవి, రోడ్డు మీద పడ్డ నీరు జాలీలోంచి గొట్టంలోకి, అక్కణ్ణించి నేరుగా వాగులోకి. వాటిని మార్చడానికి డబ్బు, చోటు, ఏళ్ళు కావాలి. 2023లో యూరోక్, పోర్ట్ గాంబుల్ స్‌క్లాలమ్, ప్యూయాలప్ అనే అమెరికా ఆదివాసీ తెగల వాళ్ళు టైర్లలో ఈ మందు మాన్పించమని ఫెడరల్ పర్యావరణ సంస్థని అడిగితే అది విచారణకి ఒప్పుకుంది. బదులు మందు దొరికినా, తిరుగుతున్న టైర్లన్నీ అరిగేదాకా ఈ నీరు వస్తూనే ఉంటుంది, కాబట్టి వడకట్టడం తప్పదు.

మా కాలనీలో జరిగింది చూడండి. పార్కింగ్ పక్కన ఒక రెయిన్ గార్డెన్, అంటే వాన నీరు ఇంకడానికి వేసిన తోట, ఉండేది. గడ్డి పెరిగి అసహ్యంగా ఉందని అసోసియేషన్ వాళ్ళు మొక్కలు పీకించి, కింద షీటు వేసి తెల్ల రాళ్ళు పరిపించారు. ఇప్పుడు నీళ్ళు ఆ రాళ్ళ మీదుగా జారి సూటిగా డ్రైన్‌లో పడుతున్నాయి. నాకు చాలా కోపమొచ్చింది. ఏటా పైన పేరుకున్న మురికి పొర గోకి, కొత్త చెక్కపొట్టు వేస్తే సరిపోయేది. కిందటి అక్టోబరు మొదటి వానకి ఆ జాలీ దగ్గర నీళ్ళు గాజు సీసాలో పట్టి మీటింగుకి తీసుకెళ్ళాను. బల్ల మీద పెట్టి అరగంట ఆగితే అడుగున వేలెడు మందాన నల్లటి మడ్డి దిగింది. కోహో సంగతి కూడా చెప్పాను. వాదన చాలాసేపు సాగింది, చివరికి ఒక మూల, పదడుగుల మేర, రాళ్ళు తీయడానికి ఒప్పుకున్నారు.

వచ్చే శనివారం ఆ పని. ఇసుక, కంపోస్టు వచ్చి పడ్డాయి, తుంగ మొక్కలు నర్సరీలో చెప్పి ఉంచాను. దగ్గర్లో ఉన్నవాళ్ళు గమ్ బూట్లు వేసుకుని, ఒక పార ఉంటే పట్టుకుని రండి.