అక్టోబర్‌లో ఎవరు వెళ్తారండీ!

నిన్న రాత్రే ఇంటికొచ్చాను. సూట్‌కేసు ఇంకా విప్పలేదు, కోపం కూడా చల్లారలేదు. అందుకే ముందు ఇది రాసేస్తున్నాను.

ఎండాకాలంలో స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినవాళ్లంతా కొండల కంటే క్యూల గురించే ఎక్కువ చెప్తుంటే, వెళ్తే అక్టోబర్‌లోనే వెళ్లాలని పట్టుబట్టాను. టికెట్లు సులువుగా దొరికాయి. ఇన్సూరెన్స్ పది నిమిషాల పని. షెంజెన్ వీసాకి (స్విట్జర్లాండ్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) కవరేజీ 30,000 యూరోలకి తగ్గకుండా ఉంటే చాలు.

వచ్చిన చిక్కల్లా వీసా కౌంటర్ దగ్గరే. అక్కడి అమ్మాయి నా కాగితాలు తిప్పుతూ "అక్టోబర్‌లోనా? అప్పుడు ఎవరు వెళ్తారండీ!" అంది. నవ్వి ఊరుకున్నాను. కాసేపాగి పెన్నుతో ఒక తేదీ మీద టకటకా కొట్టి, హాలంతా వినపడేలా, "17 రాత్రి ఎక్కడ పడుకుంటారు సార్?" అని అడిగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

సంగతేంటంటే, అక్కడి కొండ ఊళ్లలో వేసవి సీజన్ అయ్యాక మళ్లీ స్కీయింగ్ మొదలయ్యేదాకా చాలా హోటళ్లు మూసేస్తారు. కొన్ని రోప్‌వేలు కూడా మరమ్మతులకని ఆపేస్తారు. పొంట్రెసీనాలో నేను బుక్ చేసిన హోటల్‌వాళ్లు ముందే మూసేస్తున్నామని మెయిల్ పెట్టి చివరి రాత్రి క్యాన్సిల్ చేశారు. ఇంకోటి చూద్దాంలే అనుకుని మర్చిపోయాను. ఆఫీసులో అందరి లెక్కల్లో తప్పులు పట్టే మనిషిని నేను! లోపల ఫోన్ తియ్యనివ్వరు. రోడ్డు మీదికొచ్చి, ఎండలో నిలబడి, దొరికిన గది బుక్ చేసి, ప్రింట్ తీయించుకుని మళ్లీ లైన్లో మొదటినుంచీ నిలబడ్డాను. రెండోసారి ఆవిడ నా మొహం కూడా చూడలేదు. తప్పు నాదే, కాదనను. కానీ అది మెల్లగా చెప్తే ఏం పోయేది?

అందుకే చెప్తున్నాను, ఆఫ్ సీజన్‌లో వెళ్లేవాళ్లు హోటల్ తెరిచి ఉంటుందో లేదో మెయిల్ పెట్టి అడగండి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే అప్లై చేయొచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి.

మిగతాదంతా హాయి. సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని తిరానో వెళ్లే ఎర్ర రైలెక్కాను. అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ తప్పనిసరి. అదే పట్టాల మీద నడిచే మామూలు రైలుకి టికెట్ ఉంటే చాలు. 1910లో పూర్తయిన ఈ లైను, కొండ రైళ్లు జారకుండా పట్టుకునే పళ్లచక్రం సాయం లేకుండానే 2,253 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. పెట్టెలో నేనొక్కణ్ణే. కాసేపు ఎడమ కిటికీ, కాసేపు కుడి కిటికీ, అడిగేవాడు లేడు.

లోయంతా లార్చ్ చెట్లు. చూడ్డానికి దేవదారులాగే ఉంటాయి గానీ, చలికాలం ముందు వీటి సూదుల్లాంటి ఆకులు పసుపు తిరిగి రాలిపోతాయి. గాలి వీస్తే చప్పుడు లేకుండా జల్లులా పడతాయి. నా షూ అడుగున ఇంకా నాలుగైదు అంటుకునే ఉన్నాయి.

ఇంతకీ 17 రాత్రి పడుకున్నది రోడ్డు మీద నిలబడి బుక్ చేసిన ఆ గదిలోనే. పొద్దున్నే కర్టెన్ తీస్తే పసుపు చెట్ల మీద పల్చగా మంచు. ఆ ఫొటో కౌంటర్ అమ్మాయికి పంపుదామంటే నంబరు లేదు.