గ్యాస్ గట్టుకు గ్రానైట్ బండ కొనేముందు సింకు కొనండి

నల్గొండలో అయినా, జడ్చర్ల దారిలో అయినా గ్రానైట్ దుకాణంలో అడుగు పెట్టగానే వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ కలర్ గావాలె సార్?" దానికి జవాబు చెప్పడం మొదలుపెట్టామంటే బేరం దుకాణదారు చేతికి పోయినట్టే. రంగు ఆఖరున తేల్చుకోవచ్చు. అంతకంటే ముందు సింకు ఎంతదో, స్టవ్ గట్టు మీద పెట్టేదో బండలో దిగేదో, గట్టులో ఏ ముక్క అతుకు లేకుండా రావాలో తేలాలి. వంటింటి బండ పగిలిందంటే చాలావరకు సింకుకో స్టవ్‌కో కోత పడ్డ చోటే పగులుతుంది. అందుకని కోత ఎక్కడ పడుతుందో తెలిశాకే బండ చూడాలి.

సింకు లెక్క ఇలా ఉంటుంది. గట్టు వెడల్పు 25 అంగుళాలు అనుకుందాం. 24 × 18 సింకు పెడితే వెడల్పులో 18 పోను 7 అంగుళాలు మిగులుతుంది. నల్లా బండ మీద నిలబెట్టేదైతే వెనక 4 అంగుళాలు వదలాలి, ముందు 3 మిగులుతుంది. అది సరిపోతుంది. అదే 20 అంగుళాల వెడల్పు సింకు అయితే మిగిలేది 5. వెనక నల్లాకు 3 ఇచ్చినా ముందు పట్టీ 2 అంగుళాలే. ఆ పట్టీ బండ మోసుకొచ్చేటప్పుడే విరుగుతుంది. అప్పుడు విరగకపోతే నిండు బిందె ఆనించిన రోజు విరుగుతుంది. పెద్ద సింకే కావాలంటే నల్లాను గోడకు పెట్టించండి, లేదా గట్టును 27 అంగుళాలు చేయండి. ఈ మాట ప్లంబర్ గోడ కొట్టకముందే తేలాలి.

సింకు డబ్బా మీద రాసిన కొలతను నమ్మి కోయించకండి. అది చాలాసార్లు బయటి అంచు కొలత. పైనుంచి దించే సింకుకు అంచు ఆనడానికి చుట్టూ అర అంగుళం దాకా తక్కువ కోయాలి. కిందినుంచి బిగించే అండర్ మౌంట్‌కు లోపలి గిన్నె కొలతే లెక్క, పైగా కోసిన అంచుకు పాలిష్ కూడా పట్టాలి. ఆ పాలిష్‌కు కూలి వేరుగా అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. సింకునే కటింగ్ దగ్గరికి పట్టుకుపోతే ఈ తంటా ఉండదు. దిగుడు స్టవ్ కొన్నవాళ్లు దాని డబ్బాలో వచ్చే అట్ట నమూనా కూడా తీసుకుపోవాలి.

కోసే పద్ధతిలో ఒకటి గట్టిగా చెప్పండి. ముందు నాలుగు మూలల్లో డ్రిల్‌తో గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ తర్వాత వాటి మధ్య గీతలు కోయాలి. నేరుగా చక్రం పెట్టి కోస్తే మూల దాటి అంగుళమో అర అంగుళమో గాటు పడుతుంది. కోసినప్పుడు ఆ గాటు కంటికి ఆనదు. ఆర్నెల్లకో ఏడాదికో అక్కడినుంచే వెంట్రుక లాంటి గీత బయల్దేరి ముందు అంచు దాకా పాకుతుంది. మేస్త్రిని అడిగితే "బండ మంచిది గాదు" అంటాడు. బండది తప్పేమీ లేదు, గాటుది.

ఇప్పుడు ఎంత బండ కావాలో చూద్దాం. ఒక గోడ 10 అడుగులు, రెండో గోడ 8 అడుగులున్న ఎల్ ఆకారపు గట్టు, వెడల్పు 25 అంగుళాలు. మొదటి ముక్క 120 × 25 అంగుళాలు. రెండోది మూల పోను 71 × 25. రెండూ కలిపితే 33 చదరపు అడుగుల పైచిలుకు. గోడకు 4 అంగుళాల పట్టీ వేస్తే ఇంకో 6. ముందు అంచు మందంగా కనబడాలని కింద 2 అంగుళాల పట్టీ అతికిస్తే 2.3. మొత్తం సుమారు 41.5. కోతలో పోయేదానికి నూటికి పది కలిపితే 46 చదరపు అడుగులు. అయితే ఈ అంకె కంటే 120 అంగుళాల పొడవే ముఖ్యం. చిన్న కట్టర్ల మీద కోసిన బండలు రెండు మూడడుగుల వెడల్పుతో, తరచుగా 9 అడుగుల లోపే ఉంటాయి. పది అడుగులు ఒకే ముక్కగా రావాలంటే గ్యాంగ్‌సా (పెద్ద రాతి దిమ్మెను చాలా బ్లేడ్లతో ఒకేసారి కోసే యంత్రం) బండల్లో వెతకాలి, చదరపు అడుగుకు ధర పెరుగుతుంది. దానికి డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే అతుకు వేయించుకోండి, తప్పేం లేదు. ఎక్కడ వేయాలో మాత్రం మీరే చెప్పాలి. కొందరు మేస్త్రులు సింకు మధ్యలో వేస్తారు. అక్కడ అతుకు పొడవు ముందు మూడు, వెనక నాలుగు అంగుళాలే కదా, పని తేలిక, కంటికీ ఆనదు. కానీ రోజంతా నీళ్లు పడేది అక్కడే. కింద చెక్క అల్మారా ఉంటే రెండేళ్లలో ఉబ్బుతుంది. సింకు కోతకూ స్టవ్ కోతకూ కనీసం ఆరంగుళాల దూరంలో, అడుగున గోడో దిమ్మో ఉన్న చోట అతుకు పడాలి. ఎల్ మూలను ఒకే బండలోంచి కోయించకండి, లోపలి మూల దగ్గర చీలుతుంది.

ధర మాట్లాడేటప్పుడు అంగుళాలను ఎటు రౌండ్ చేస్తారో, వంకర అంచును లెక్కలో కలుపుతారో లేదో ముందే అడగండి. బిల్లు రాశాక అడిగితే లాభం లేదు.

ఇక రాయి సంగతి. "గ్రానైట్" అని అమ్మేదంతా గ్రానైట్ కాదు. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైటే. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మాత్రం గాబ్రో జాతి రాయి, అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. చుక్కలు లేని నిఖార్సైన నలుపు చాలావరకు డోలరైట్. మన పాలమూరు, నల్గొండ చెలకల్లో ఎర్రటి గుండ్ల మధ్య గీత గీసినట్టు నల్లరాళ్ల వరస పోతుంటుంది చూడండి, అది ఆ జాతే. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో (మహబూబ్‌నగర్ మర్రిచెట్టు కాదు, కాకతీయుల నాటి గుళ్లు) నల్లరాతి స్తంభాల నునుపు చూస్తే ఈ రాయి పాలిష్‌ను ఎంతకాలం పట్టుకుంటుందో అర్థమవుతుంది. ఈ నల్లరాళ్లు దట్టమైనవి, నీళ్లు పీల్చవు, పసుపు మరక పట్టదు. చిక్కల్లా పిండి చుక్క, నీటి చుక్క, వేలిముద్ర అన్నీ వీటిమీద కొట్టొచ్చినట్టు కనబడటమే. రోజుకు నాలుగుసార్లు తుడిచే ఓపిక లేనివాళ్లకు గోధుమ రంగు చుక్కల బండ మేలు.

తాండూరు, షాబాద్, కడప బండలు మూడూ సున్నపురాళ్లే. నేలకూ, గట్టు కింద అరలకూ భేషుగ్గా ఉంటాయి. మనది చింతపండు లేనిదే పొద్దు గడవని వంట. పచ్చిపులుసు పిసికిన చేయి, నిమ్మచెక్క, సల్ల గిన్నె అడుగు తగిలిన ప్రతిచోటా సున్నపురాయి పాలిష్ పోయి మసక మచ్చ పడుతుంది. అది మరక అయితే కడిగితే పోయేది. పులుపు రాయినే తినేసింది కాబట్టి మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. రాజస్థాన్ పాలరాయికీ ఇదే గతి. తెల్ల వంటిల్లు కావాలని పట్టుబట్టేవాళ్లు పాలరాయి మానేసి లేత రంగు గ్రానైట్ చూడండి, కానీ అవి కొంచెం పీల్చే రకాలు. కాశ్మీర్ వైట్ లాంటి వాటిలో గార్నెట్ చుక్కలుంటాయి, ఇనుమున్న ఖనిజాలు తడి తగిలి తుప్పు రంగు దేలతాయి. సీలర్ (రాయి తడి పీల్చకుండా పూసే మందు) వేయించి, ఏడాదికోసారి చూసుకోగలమంటేనే తీసుకోండి.

దుకాణానికి పోయేటప్పుడు సంచిలో నిమ్మకాయ, గిన్నెల సబ్బు, తెల్ల గుడ్డ, గోళ్ల రంగు తుడిచే అసిటోన్, ఇనుప స్కేలు వేసుకోండి. దుకాణదారు నవ్వుతాడు, నవ్వనీయండి. మెరుపు కోసం బండలకు మైనం రాసి ఉంచడం మామూలే, దాంతో నీళ్లు పోసినా ముత్యాల్లా జారిపోతాయి. ఏమీ పీల్చదని మనం మోసపోతాం. అందుకే ఒక మూల సబ్బుతో కడిగి, ఆరాక చెంచాడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. తుడిచాక ఆ చోటు ముదురు రంగు తేలితే రాయి పీలుస్తోందని లెక్క. పక్కనే నిమ్మరసం చుక్క వేసి అంతసేపే ఉంచండి, మసకబారితే అందులో సున్నం ఉంది. నల్లబండ అయితే గుడ్డకు అసిటోన్ అద్ది గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడిందంటే బూడిద రంగు రాయికి రంగు పూసి నలుపని అమ్ముతున్నారు. అది వంటింట్లో ఏడాది తిరిగేలోపు సింకు చుట్టూ వెలిసిపోతుంది.

పగుళ్లు పట్టుకోవడానికి బండంతా తడిపి, గుడ్డతో తుడిచి, ఆరేదాకా చూస్తూ ఉండండి. పైభాగం ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నని గీత తడిగా మిగిలితే అది పగులు. రాయిలో పుట్టుకతో ఉన్న నరం అలా తడి పట్టి ఉంచదు, గోటికీ తగలదు. వెనకవైపు కూడా ఇలాగే చూడాలి. వెనక వల అతికించి ఉంటే ఎందుకో అడగండి. పెళుసు రకాలకు ఫ్యాక్టరీలోనే వల వేస్తారు, మామూలు టాన్ బ్రౌన్‌కు వల అవసరం లేదు. ఉందంటే ఏదో దాస్తున్నట్టే అనుకోవాలి. నిలబెట్టిన బండను రూపాయి బిళ్లతో అక్కడక్కడ కొట్టి వినండి. ఖంగుమనే చోటికీ, లోపల పగులుండి మొద్దుగా పలికే చోటికీ తేడా చెవికి తెలిసిపోతుంది.

మందం దగ్గర జరిగే మోసం చిన్నదే అయినా ప్రతి ఇంట్లో జరుగుతుంది. 18 ఎంఎం అన్నది కొలిస్తే 16 ఉంటుంది. నాలుగు వైపులా కొలవండి. ఒక అంచు 17, ఇంకో అంచు 15 ఉంటే అతుకు దగ్గర మెట్టు పడుతుంది, ముందు పట్టీ వంకర కనబడుతుంది. కింద కాంక్రీటు పలక ఉంటే 16 కూడా నడుస్తుంది. ఇటుక దిమ్మెల మీద నేరుగా కూర్చోబెట్టే గట్టుకు నికరంగా 20 ఎంఎం ఉండాలి, రెండు రెండున్నర అడుగులకో దిమ్మె పడాలి. రెండు బండలు కొంటే ఒకే బ్లాకులోవి కావాలి. అంచు మీద పెయింటుతో రాసిన నంబర్లు వరసగా ఉన్నాయేమో చూసి, పక్కపక్కన ఎండలో నిలబెట్టి రంగు పోల్చండి. ట్యూబులైటు కింద అన్నీ ఒకేలా కనబడతాయి.

20 ఎంఎం బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది, నల్లరాయి ఇంకో అర కిలో ఎక్కువ. పైన చెప్పిన పది అడుగుల ముక్క 100 కిలోలు దాటుతుంది. నలుగురు మనుషులు కావాలి. బండిలోనైనా చేతుల మీదైనా నిలువుగానే రావాలి. ట్రాలీలో పడుకోబెట్టి తెస్తే గతుకుల దారిలో దాని బరువుకు అదే విరుగుతుంది. సింకు కోత ముందే కోయించి ఉంటే ఇంకా జాగ్రత్త. వీలైతే కోత మీ ఇంటి వాకిట్లోనే కోయించండి, దుమ్ము రేగకుండా నీళ్లు పోస్తూ.

కూర్చోబెట్టేటప్పుడు సిమెంటు మాలు బండ కింద నిండుగా పరవాలి. నాలుగు ముద్దలు పెట్టి నొక్కేస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది, రోకలి దెబ్బకు అక్కడే పగులుతుంది. లేత రంగు బండలకు మామూలు సిమెంటు వాడితే తడి పైకెక్కి బూడిద మచ్చలు తేలతాయి, తెల్ల టైల్ అడ్హెసివ్ వాడాలి. సింకు వైపు రెండు మూడు మిల్లీమీటర్ల వాలు చాలు. ముందు అంచు అంగుళం బయటికి రావాలి, ఆ అంచు కింద సన్నని గాడి ఒకటి కోయిస్తే కారిన నీళ్లు అల్మారా తలుపుల మీదికి పాకకుండా గాడి దగ్గరే జారిపోతాయి. పది నిమిషాల పని, అడగనిదే ఎవరూ చేయరు. ఎత్తు మాటకొస్తే, వంట చేసేవాళ్ల మోచేతికి నాలుగంగుళాలు కిందికి రావాలి. సాధారణంగా 32 నుంచి 34 అంగుళాలు.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. నల్లా చుట్టూ తెల్లటి పొర పేరుకుంటుంది. దాన్ని చాలామంది ఫ్లోరైడ్ అనుకుంటారు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, అది సున్నం. దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోస్తే అతుకుల్లో సిమెంటును తినేస్తుంది, పాలిష్ మసకబారుతుంది. తుప్పు మరకలు తీసే మందుల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది గ్రానైట్‌ను కూడా కరిగిస్తుంది. పొర పలుచగా ఉన్నప్పుడే పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి, సబ్బునీళ్లతో కడిగితే చాలు. నూనె మరక పడితే వంటసోడాను నీళ్లతో ముద్ద చేసి మందంగా పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి, ఒక రోజు ఉంచి తీయండి.

సింకు కోసినప్పుడు మధ్యలోంచి 23 × 17 అంగుళాల ముక్క ఊడి వస్తుంది. దానికీ చదరపు అడుగు లెక్కన మీరే డబ్బు కట్టారు, అడగకపోతే కటింగ్ దగ్గరే ఉండిపోతుంది. నాలుగు అంచులూ కొంచెం రుద్దించుకుంటే చపాతీలు ఒత్తుకోవడానికి అంతకంటే మంచి పీట దొరకదు.