ఏటికొప్పాకలో ఒక పచ్చి కర్ర

2025 సెప్టెంబరు మొదటి వారంలో లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్ళాను. అప్పటికి రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, సంతోషంతోనే. హైదరాబాదులో ఒక కంపెనీ తన ఉద్యోగులకు దీపావళి కానుకగా లక్క కుంకుమ భరిణెలు ఇవ్వాలనుకుంది. రెండు వేలు కావాలి, అక్టోబరు 10కల్లా అందాలి, సగం డబ్బు ముందే ఇస్తామన్నారు. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో నేను నడిపే చిన్న కొట్టుకి నాలుగేళ్ళలో ఇంత ఆర్డరు ఎప్పుడూ రాలేదు. ఖర్చులన్నీ పోను లక్షన్నర మిగులుతుంది. కొట్టు కోసం చేసిన అప్పు దాదాపు తీరిపోతుంది.

తెల్లవారుజామున రైలెక్కి తునిలో దిగాను. అక్కడి నుంచి హైవే మీద బస్సులో అడ్డరోడ్డు, అక్కడ ఆటో. ముందు రోజు బాగా వాన పడినట్టుంది, వరాహ నది ఎర్రగా పారుతోంది. దారి పొడవునా పచ్చదనమే. ఈ ఊరికి వచ్చినప్పుడల్లా నాకు చిన్నప్పటి లక్కపిడతలు గుర్తొస్తాయి. మా అమ్మమ్మ తెచ్చిన వెదురు బుట్టలో బుల్లి తిరగలి, రోలు, పొయ్యి, బిందె ఉండేవి. వాటిలో ఇసుకతో అన్నం వండని రోజు లేదు. ఈ వ్యాపారంలోకి నన్ను లాగింది ఆ బుట్టే అనుకుంటాను.

నేను మూడేళ్ళుగా సరుకు తీసుకునే తాతగారికి డెబ్బై నాలుగేళ్ళు. నేను వెళ్ళేసరికి కర్రని తిప్పే లేత్ ముందు కూర్చుని భరిణె మూత చెక్కి దించుతున్నారు. ఈ పని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తిరుగుతున్న అంకుడు కర్రకి ఉలి ఆనించగానే పొట్టు తెల్లటి రిబ్బనులా లేస్తుంది. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క పుల్లని దానికి అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని చుట్టేస్తుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు వస్తుంది. పసుపుతో పసుపు రంగు, నీలిమందుతో నీలం, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజలతో నారింజ. ఈ సహజ రంగుల్ని మళ్ళీ ఊళ్ళోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఇవే.

"రెండు వేలా? ఎప్పటికేటి?" అన్నారు తాతగారు.

"అక్టోబరు పదికి."

లేత్ ఆపారు. పొట్టు దులుపుకుని లేచి, "రా తల్లీ" అంటూ పెరట్లోకి నడిచారు. వెనకాలే ఆయన మనవడు కూడా వచ్చాడు. రేకుల కొట్టంలో కర్ర రెండు కుప్పలుగా ఉంది. గోడవైపు ఉన్నది చిన్న కుప్ప, గుమ్మం దగ్గర ఉన్నది దానికి నాలుగింతలు. చూడటానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. ఆయన ఒక్కోదాంట్లోంచి ఒక్కో ముక్క తీసి నా రెండు చేతుల్లో పెట్టారు. ఒకటి తేలిగ్గా ఉంది. రెండోది చల్లగా, బరువుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి వాసన.

"ఎండింది ఆ మూల ఉన్నదే. అయిదొందలు, బాగా సాగదీస్తే ఆరొందల భరిణెలు అవుతాయి. ఇది వానల్లో ఎండదు."

మనవడు వదల్లేదు. "పచ్చిదే దించేద్దాం తాతా. ఉలికి మెత్తగా వస్తాది. మిగతావి పక్కవాళ్ళకి ఇద్దాం" అన్నాడు. ఆ అబ్బాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. పెళ్ళి కావాల్సినవాడు, ఏడాదంతా చేతినిండా పని దొరకని ఊళ్ళో ఉన్నాడు. నా మనసు కూడా అతని వైపే ఉంది.

తాతగారు అతనికి జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి అటక మీంచి ఒక భరిణె దించి నాకిచ్చారు. ఎర్రటి రంగు, దుమ్ము తుడవగానే తళతళలాడింది. మూత తీద్దామంటే రాలేదు, కర్ర వంకర తిరిగి బిగుసుకుపోయింది. తిప్పి చూస్తే అంచు నుంచి అడుగు దాకా ఒక బీట. నా వేలి గోరు అందులోకి పూర్తిగా దిగింది. బీట పక్కన లక్క పెచ్చులుగా లేచిపోయి ఉంది.

"నా సేతిదే. నీ అంత వయసులో ఒక షావుకారు పెద్ద బేరం తెచ్చాడు. పచ్చి కర్ర, బజారు కెమికల్ రంగు. బేగి అయిపోయింది. డబ్బు కూడా బేగి వచ్చింది. రెండు నెలలకి సగం సరుకు తిరిగొచ్చేసింది. షావుకారు మళ్ళీ రాలేదు. ఆడి కోసం నాను వద్దన్న పాత బేరగాళ్ళూ రాలేదు." కాసేపాగి, "కుంకం నుదుటికి ఎట్టుకునేది తల్లీ. పిడతలు పిల్లగుంటలు నోట్లో ఎట్టుకునేవి" అన్నారు.

పాత బేరగాళ్ళ మాట నన్ను బాగా తాకింది. ఆ రెండు వేలూ ఒప్పుకుంటే, యాభైకీ వందకీ నా దగ్గరకొచ్చేవాళ్ళకి పండగ నెలలో నేనూ లేదనే చెప్పాలి. రెండు రాత్రుల లెక్కల్లో వాళ్ళు ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక యలమంచిలి నుంచి ఒకాయన వచ్చారు. కూతురికి పురుడు వస్తోందట, ఉయ్యాలకి లక్క పూసలు, చిలకలు, పైన తిరిగే గుత్తి కావాలని ఫోన్లో ఏదో బొమ్మ చూపించారు. అలాంటిది తాతగారు ఇంతకుముందు చేయలేదు. పని చూస్తే వారం పైగా పడుతుంది, ఆయన ఇస్తానన్నది తక్కువ. ఇదీ వద్దంటారనుకున్నాను. "ఎప్పటికి?" అని మాత్రం అడిగారు. మాఘమాసానికి అన్నారాయన. "అవుతాది" అని వెంటనే ఒప్పుకున్నారు.

ఆయన వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను. నాది కాదని ఇది ఎందుకు ఒప్పుకున్నారని.

"ఈ తొందర ఎవరిదని సూసుకుంటాను తల్లీ. ఆ గుంట పుట్టే రోజుకే పుడతాది. ఈ లోపల కర్ర ఎండుతాది, నాను పని నేర్చుకుంటాను. నీ ఆర్డరులో తొందర కర్రది కాదు, నాది కాదు. నీది కూడా కాదు. ఎవరిదో మనకి తెలీదు."

అడ్డరోడ్డు బస్‌స్టాపులో నిలబడి కంపెనీకి ఫోన్ చేశాను. అక్టోబరు 10కి ఆరు వందలు ఇవ్వగలను, మిగతావి సంక్రాంతికి ఇస్తానన్నాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడారు. ఇస్తే అన్నీ ఒకేసారి ఇవ్వాలి, లేకపోతే వేరేచోట చూసుకుంటామన్నారు. సరేనండీ అని పెట్టేశాను. కడుపులో ఏదో ఖాళీ అయినట్టనిపించింది. బస్సు వచ్చి వెళ్ళిపోయినా ఎక్కలేదు, తర్వాతి బస్సుకి బయల్దేరాను. వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాను. నెలాఖరులో టెన్షన్ వచ్చినప్పుడు ఆ లక్షన్నర గుర్తుకొస్తుంది. తాతగారి మనవడి మొహం కూడా.

ఆరు వందల భరిణెలు మాత్రం దీపావళికి తెప్పించి, ఎప్పుడూ వచ్చేవాళ్ళకే అమ్మాను. ఆ డబ్బులో మనవడి కూలి అతనికే నేరుగా పంపాను.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే తాతగారు గుమ్మం దగ్గరి కుప్పలోంచి ఒక పచ్చి ముక్క తీసి నా సంచిలో పెట్టారు. "తూకం ఏస్తూ ఉండు. బరువు నిలిచిపోయాక ఫోన్ సెయ్యి" అన్నారు. ఇంటికొచ్చి వంటింటి కాటా మీద పెడితే 340 గ్రాములు. దీపావళి రోజున 281. నవంబరులో ఒక కొసన వెంట్రుకంత బీట కనిపించింది, ఇప్పుడది పెన్సిలు గీతంత అయింది. భోగి నాడు 238. నిన్న పొద్దున 236, ఈ పొద్దున కూడా అంతే. ఇంకో వారం చూసి తాతగారికి ఫోన్ చేస్తాను.